రాయబారిని చంపే రాజ్యం

పోయినేడాది నాకు రక్తం బాగా తగ్గింది. నాలుగు మెట్లెక్కితే గుండె దడ, పది అడుగులు గబగబా వేస్తే ఆయాసం. హిమోగ్లోబిన్ 7.8 ఉందని తేలింది. డాక్టరుగారు ఐరన్ మొదలుపెట్టించి, వారం తిరక్కుండానే ఇంకో టెస్ట్ రాశారు. దాని పేరు రెటిక్యులోసైట్ కౌంట్. ఇంత తొందరగా హిమోగ్లోబిన్ పెరగదు కదా, మళ్ళీ రక్తం తీయడం ఎందుకని అడిగాను. "పెరిగిందా అని కాదమ్మా, లోపల పని మొదలైందా అని చూడాలి" అన్నారు.

ల్యాబ్‌లో ఒక పెద్దాయన స్లైడు తయారుచేసుకుని మైక్రోస్కోప్ ముందు కూర్చుని ఉన్నాడు. నేను కాస్త ఎక్కువ ప్రశ్నలే వేసినట్టున్నాను, ఆయన స్టూలు మీంచి లేచి "మీరే చూడండమ్మా" అన్నాడు. కన్ను ఆనించి చూస్తే, లేత రంగులో గుండ్రటి బిళ్ళలు వందల కొద్దీ ఉన్నాయి. చాలావాటిలో ఏమీ లేదు, ఖాళీ. అక్కడక్కడా ఒకదానిలో మాత్రం ముదురు నీలం నూలుపోగు చిక్కుపడినట్టు కనిపించింది. "ఆ నీలం ఉన్నవే కొత్తవి. నిన్నో మొన్నో మజ్జలోంచి వచ్చుంటాయి. లోపల ఆర్ఎన్ఏ మిగిలి ఉంది కాబట్టి రంగు పట్టింది. రేపో ఎల్లుండో అదీ పోతుంది" అన్నాడు.

ఆర్ఎన్ఏ గురించి రెండు మార్కుల జవాబు నేను కాలేజీ రోజుల్లో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. అది కంటికి కనబడే వస్తువని మాత్రం అప్పటిదాకా అనుకోలేదు. (ఆ నీలంలో ఎక్కువ భాగం రైబోజోముల్లోని, అంటే ప్రోటీన్లు తయారుచేసే యంత్రాల్లోని, ఆర్ఎన్ఏదే, నేనిక్కడ చెప్పబోయే ఎంఆర్ఎన్ఏ అనే రకం అందులో కొంచెమే ఉంటుందని తర్వాత తెలిసింది.) ఇంటికొచ్చాక కౌంట్ ఎంతొచ్చిందన్న దానికంటే "అదీ పోతుంది" అన్న మాటే బుర్రలో తిరిగింది. ఎందుకు పోవాలి?

ఎర్ర రక్తకణం చేసే పని చూడండి. ఎముక మజ్జలో పెరుగుతూ పెరుగుతూ ఒక దశలో తన కేంద్రకాన్ని బయటికి నెట్టేస్తుంది. అంటే తన డీఎన్ఏ మొత్తాన్ని, దాదాపు రెండు మీటర్ల పొడవు దారాన్ని, వదిలేసుకుంటుంది. మనం చదువుకున్న లెక్కన ఆ క్షణమే పని ఆగిపోవాలి. ఆగదు. ఇంకో రెండు మూడు రోజులు హిమోగ్లోబిన్ తయారవుతూనే ఉంటుంది. ఆ కణం జీవితం మొత్తంలో తయారుచేసే హిమోగ్లోబిన్‌లో సుమారు మూడో వంతు ఇలా కేంద్రకం పోయాకే తయారవుతుంది. అసలు గ్రంథం లేదు, అందులోంచి ముందే ఎత్తిరాసి పెట్టుకున్న చీటీలున్నాయి. వాటితోనే పని నడుస్తుంది. ఆ చీటీలు చివికిపోయిన రోజున పని ఆగుతుంది. ఆ చీటీకే ఎంఆర్ఎన్ఏ అని పేరు.

మన పుస్తకాలు దాన్ని రాయబారి ఆర్ఎన్ఏ అంటాయి, వార్తాహర ఆర్ఎన్ఏ అని కూడా అంటాయి. రాయబారి అనగానే మనకు గుర్తొచ్చేది కృష్ణుడే. సభకు వెళ్తాడు, నయాన చెబుతాడు, భయాన చెబుతాడు, జవాబు పట్టుకుని వెనక్కి వస్తాడు. ఈ ఆర్ఎన్ఏ అవేవీ చేయదు. ముఖ్యంగా వెనక్కి రాదు. దూతను చంపకూడదని లంకలో విభీషణుడు చెప్పాడు కాబట్టి హనుమంతుడికి తోక కాల్చడంతో సరిపెట్టారు. కణంలో ఆ మాట చెల్లదు. అక్కడికొచ్చిన ప్రతి దూతా చావాల్సిందే. పని అయ్యాక ముక్కలు ముక్కలు చేసి, ఆ ముక్కల్ని మళ్ళీ కొత్త చీటీలు రాయడానికి వాడుకుంటారు.

నా గొడవ ఇదే. పుస్తకంలో బొమ్మ ఉంటుంది: డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏకి ఒక బాణం, ఆర్ఎన్ఏ నుంచి ప్రోటీన్‌కి ఇంకో బాణం. మొదటిదానికి అనులేఖనం అని పేరు, రెండోదానికి అనువాదం. రెండు పేర్లు రాస్తే రెండు మార్కులు. ఆర్ఎన్ఏ నుంచి కిందికి, చెత్తబుట్టలోకి, మూడో బాణం ఒకటి ఉండాలి. ఎక్కడా గీయరు. ఆ బాణం లేకపోతే ఈ ఏర్పాటంతా ఎందుకుందో అర్థం కాదు. డీఎన్ఏ లోంచి నేరుగా ప్రోటీన్ చేసుకోవచ్చుగా, మధ్యలో ఈ కాపీ దేనికని మా క్లాసులో ఒకడు అడిగాడు. "సిలబస్‌లో లేదు, కూర్చో" అన్నారు. వాడు అడిగినదే అసలు ప్రశ్న.

తమాషా ఏమిటంటే, ఈ చీటీ తొందరగా చస్తుంది కాబట్టే శాస్త్రవేత్తలకు కూడా చాలా ఏళ్ళు దొరకలేదు. 1953లో వాట్సన్, క్రిక్ డీఎన్ఏ ఆకారం చెప్పేశారు. ప్రోటీన్లు తయారయ్యేది కేంద్రకంలో కాదు, బయట రైబోజోముల దగ్గరని ఆ దశాబ్దంలోనే తేలింది. మరి లోపలున్న సమాచారం బయటికెలా వస్తోంది? కణంలోని ఆర్ఎన్ఏలో దాదాపు 80 శాతం రైబోజోముల్లోనే ఉంది, అది గట్టిది కూడా, ఓ పట్టాన చెడదు. కాబట్టి సమాచారం అందులోనే ఉంటుందని చాలామంది అనుకున్నారు. ఒక్కో జన్యువుకి ఒక్కో రకం రైబోజోమ్, ఒక్కో రైబోజోమ్‌ నుంచి ఒక్కో రకం ప్రోటీన్ అన్నమాట. వినడానికి బాగానే ఉంది, కానీ లెక్క కుదరలేదు. రైబోజోముల్లోని ఆర్ఎన్ఏ ఏ జీవిలో చూసినా దాదాపు ఒకే సైజుల్లో ఉంది. జన్యువులేమో పొట్టివీ ఉన్నాయి, పొడుగువీ ఉన్నాయి. గట్టిగా, ఎక్కువగా కనబడేదాన్నే అందరూ పట్టుకున్నారు. కణంలోని ఆర్ఎన్ఏలో ఒకటి నుంచి ఐదు శాతం ఉండి, కళ్ళముందే కరిగిపోయేదాన్ని ఎవరు పట్టించుకుంటారు?

నిజానికి అది కొందరికి దొరికింది. 1956లో అమెరికాలోని ఓక్ రిడ్జ్‌లో వోల్కిన్, ఆస్ట్రాఖాన్ అనే ఇద్దరు, వైరస్ సోకిన బ్యాక్టీరియాలో గబగబా పుట్టి గబగబా పోతున్న ఆర్ఎన్ఏ ఒకటి ఉందని చూశారు. దాని అక్షరాల పాళ్ళు బ్యాక్టీరియా డీఎన్ఏలాగా కాకుండా వైరస్ డీఎన్ఏలాగా ఉన్నాయి. చీటీ వాళ్ళ చేతిలోనే ఉంది, అది చీటీ అని మాత్రం వాళ్ళకు తట్టలేదు.

ఈలోగా పారిస్‌లో జాకబ్, మొనో, వాళ్ళ దగ్గరికొచ్చిన అమెరికన్ పార్డీ ఇంకో పని చేస్తున్నారు. పాల చక్కెరను విరగ్గొట్టే ఎంజైమ్‌కి సంబంధించిన జన్యువు లేని బ్యాక్టీరియాలోకి ఆ జన్యువును పంపించారు. రైబోజోమే రెసిపీ అయితే, కొత్త రైబోజోములు ఒక్కొక్కటే తయారై, ఎంజైమ్ ఉత్పత్తి మెల్లగా పుంజుకోవాలి. అలా జరగలేదు. జన్యువు లోపలికెళ్ళిన కొద్ది నిమిషాలకే ఉత్పత్తి పూర్తి వేగంతో మొదలైంది. దీనికి తిరగేసిన ప్రయోగం కూడా జరిగింది. రేడియోధార్మిక భాస్వరంతో నిండిన జన్యువును లోపలికి పంపి, ఆ భాస్వరం క్షీణించి జన్యువు తెగిపోయేదాకా ఆగి చూశారు. జన్యువు చెడగానే ఉత్పత్తీ పడిపోయింది. రెసిపీ గట్టి రైబోజోములో ఉంటే జన్యువు పోయినా పని నడుస్తూ ఉండాలిగా.

1960 ఏప్రిల్ 15, గుడ్ ఫ్రైడే. కేంబ్రిడ్జ్‌లో సిడ్నీ బ్రెన్నర్ గదిలో కొందరు చేరి కూర్చున్నారు. జాకబ్ ఈ సంగతులన్నీ చెబుతుంటే, క్రిక్‌కీ బ్రెన్నర్‌కీ ఒకేసారి వెలిగింది: ఓక్ రిడ్జ్ వాళ్ళు చూసిన ఆ పోయే ఆర్ఎన్ఏ ఇదే! ఇద్దరూ లేచి నిలబడి ఒకరి మాట మీద ఒకరు అరుచుకుంటూ వాదించుకున్నారని జాకబ్ తర్వాత రాసుకున్నాడు. రైబోజోమ్ దేన్నైనా చదివే యంత్రమే గానీ దాని దగ్గర రెసిపీ లేదు. రెసిపీ చీటీ మీద వస్తుంది, చదివాక పోతుంది.

అనుకోవడం వేరు, చూపించడం వేరు. ఆ జూన్‌లో జాకబ్, బ్రెన్నర్ ఇద్దరూ కాలిఫోర్నియాలో మెసెల్సన్ ల్యాబ్‌కి వెళ్ళారు. బ్యాక్టీరియాకి బరువు ఎక్కువున్న నైట్రోజన్, కార్బన్ తినిపించి పెంచితే వాటి రైబోజోములు బరువుగా ఉంటాయి. తర్వాత వైరస్ సోకించి, వెంటనే మామూలు తిండికి మార్చేస్తే, కొత్తగా పుట్టేదేదైనా తేలిగ్గా ఉంటుంది. వైరస్ తాలూకు కొత్త ఆర్ఎన్ఏ పాత బరువు రైబోజోముల మీద ఎక్కిందా, కొత్త తేలిక రైబోజోముల్లో ఉందా చూస్తే చాలు. సీజియం ఉప్పు ద్రావణంలో వేసి గంటల తరబడి తిప్పితే దేని బరువుకి తగ్గ చోట అది నిలుస్తుంది. రోజులు గడుస్తున్నాయి గానీ ప్రయోగం కుదరడం లేదు. తిప్పేసరికి రైబోజోములే ముక్కలైపోతున్నాయి. ఇద్దరూ విసుగెత్తి బీచికి పోయి కూర్చున్నారు. అక్కడ ఇసకలో కూర్చున్న బ్రెన్నర్ ఉన్నట్టుండి మెగ్నీషియం, మెగ్నీషియం అంటూ లేచాడు. రైబోజోమ్ రెండు ముక్కల్నీ అంటించి ఉంచేది మెగ్నీషియం. సీజియం కుప్పలుతెప్పలుగా ఉండేసరికి దాన్ని పక్కకి తోసేస్తోంది. పరుగున ల్యాబ్‌కెళ్ళి మెగ్నీషియం దండిగా పోసి మళ్ళీ తిప్పారు. ఈసారి రైబోజోములు నిలిచాయి. కొత్త ఆర్ఎన్ఏ పాత రైబోజోముల మీదే ఉంది. 1961 మేలో ఆ వ్యాసం అచ్చయింది. వాట్సన్ బృందం అదే సంగతిని వేరే దారిలో పట్టుకున్న వ్యాసం కూడా అదే సంచికలో వచ్చింది.

ఇంత పెద్ద విషయం, కాస్త ఉప్పు ఎక్కువేస్తే గానీ బయటపడలేదు.

ఇక చీటీ మీద ఏముంటుందో దగ్గర్నించి చూద్దాం. హిమోగ్లోబిన్‌లో ఒక భాగమైన బీటా గ్లోబిన్‌నే తీసుకుందాం, నాకు తక్కువైంది అదే కదా. దాని జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది, పొడవు దాదాపు 1600 అక్షరాలు. ఆర్ఎన్ఏ పాలిమరేజ్ అనే ఎంజైమ్ దాని మీద నడుస్తూ ఎత్తిరాస్తుంది. డీఎన్ఏలో ఏ, టీ, జీ, సీ అనే నాలుగు అక్షరాలుంటే, ఆర్ఎన్ఏలో టీ బదులు యూ ఉంటుంది. నిమిషానికి రెండు నుంచి నాలుగు వేల అక్షరాల వేగం. ఒక్కో అక్షరం మూడేసి ఫాస్ఫేట్లు తగిలించుకుని వస్తుంది, వాటిలో రెండు ఊడిపోయే శక్తితోనే గొలుసుకి అతుక్కుంటుంది. ఏ అనే అక్షరం వచ్చే రూపం మనకు బాగా తెలిసిన ఏటీపీయే. 1929లో కండరంలో దాన్ని కనుక్కున్నవారిలో యల్లాప్రగడ సుబ్బారావుగారు ఒకరు. కణానికి ఇంధనం అని చదువుకున్నదే చీటీ రాసే సిరా కూడానన్నది నాకు చాలా ఆలస్యంగా తెలిసింది.

ఎత్తిరాసిందంతా బయటికి పోదు. మధ్యమధ్యలో ప్రోటీన్‌కి అక్కర్లేని ముక్కలుంటాయి. వాటిని కత్తిరించి మిగతావి అతికిస్తారు. 1977లో షార్ప్, రాబర్ట్స్ విడివిడిగా ఈ సంగతి బయటపెట్టేదాకా ఎవరూ ఊహించలేదు. బీటా గ్లోబిన్‌లో రెండు ముక్కలు పోతాయి, 1600 కాస్తా దాదాపు 600 అవుతుంది. కండరాల్లో ఉండే డిస్ట్రోఫిన్ అనే ప్రోటీన్ కథ ఇంకా వింత. దాని జన్యువు 20 లక్షల అక్షరాలు దాటుతుంది. ఒక్క కాపీ ఎత్తిరాయడానికే సుమారు 16 గంటలు. అంత కష్టపడి రాశాక, చివరికి మిగిలే చీటీ 14 వేల అక్షరాలు. నూటికి తొంభై తొమ్మిది పాళ్ళకు పైగా కోత! ఏ ఎడిటరూ ఇంత కసిగా కోయడు.

చీటీ తలకి టోపీ లాంటి రసాయనం ఒకటి పెడతారు, తోకకి రెండు వందలు, రెండు వందల యాభై దాకా ఏ అక్షరాలు వరసగా తగిలిస్తారు. ఈ తోకని గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దానితో పని ఉంది. అప్పుడు కేంద్రకం గోడలో ఉండే రంధ్రం గుండా బయటికి పోనిస్తారు.

బయట రైబోజోమ్ చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. బీటా గ్లోబిన్ చీటీలో మొదటి మాటలివి: ఏయూజీ, జీయూజీ, సీఏయూ, సీయూజీ, ఏసీయూ, సీసీయూ, జీఏజీ. ఏయూజీ అంటే ఇక్కడ మొదలుపెట్టు అని, మెథియోనిన్ అనే అమైనో ఆమ్లాన్ని (ప్రోటీన్ గొలుసులో ఒక పూస అనుకోండి) పెట్టమని కూడా. తర్వాత వేలిన్, హిస్టిడిన్, ల్యూసిన్, థ్రియోనిన్, ప్రోలీన్, గ్లుటామిక్ ఆమ్లం. ఈ ఆమ్లాలను మోసుకొచ్చేది టీఆర్ఎన్ఏ అనే ఇంకో రకం ఆర్ఎన్ఏ. ఒక చివర మూడక్షరాల జవాబు, ఇంకో చివర దానికి తగ్గ అమైనో ఆమ్లం. అక్షరాలు కుదిరితే పట్టుకొచ్చిన ఆమ్లాన్ని గొలుసుకి అందించి వెళ్ళిపోతుంది. ఆ ఏడో మాట జీఏజీలో నడిమి అక్షరం ఏ బదులు యూ అయితే జీయూజీ అవుతుంది, గ్లుటామిక్ ఆమ్లం చోట వేలిన్ వచ్చి కూర్చుంటుంది. సికిల్ సెల్ జబ్బంటే అదే. తప్పు చీటీది కాదనుకోండి, అసలు గ్రంథంలోనే అలా ఉంది. చీటీ నమ్మకంగా ఎత్తిరాసింది, అంతే.

ఏ మూడు అక్షరాలకు ఏ అర్థమో చెప్పే నిఘంటువు 1961 మే నెలలో తెరుచుకుంది. నీరెన్‌బర్గ్, మథాయ్ అనే ఇద్దరు మొత్తం యూలే ఉన్న కృత్రిమ చీటీని కణాలను నలిపి తీసిన రసంలో వేస్తే, మొత్తం ఫినైల్ అలనైనే ఉన్న గొలుసు వచ్చింది. హరగోబింద్ ఖొరానా ఇంకో అడుగు వేసి, తనకు కావలసిన వరసలో అక్షరాలున్న చీటీలను తయారుచేసి చదివించాడు. 1966కల్లా 64 మాటల్లో దాదాపు అన్నిటి అర్థం తేలిపోయింది. వాటిలో 61 అమైనో ఆమ్లాలకు, 3 మాటలు ఆపమని చెప్పడానికి.

బీటా గ్లోబిన్ గొలుసులో 146 అమైనో ఆమ్లాలు. ఒక రైబోజోమ్ చదివేలోగా వెనకాల ఇంకోటి, దాని వెనకాల ఇంకోటి ఎక్కుతాయి. నేను చూసిన నీలం పోగులున్న కణాల్లాంటివాటిలో ఒక్కో గ్లోబిన్ చీటీ మీద ఐదేసి రైబోజోములు కూర్చుని ఉండటం 1960ల మొదట్లోనే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌తో చూశారు.

ఇప్పుడు మూడో బాణం దగ్గరికి వద్దాం. ఒక తొట్టి, దాని పైన కుళాయి. నీళ్ళు తగ్గించాలంటే కుళాయి కట్టేస్తే సరిపోదు, తొట్టికి కింద కన్నం కూడా ఉండాలి. కన్నం చిన్నదైతే, పైన మీరు కుళాయి ఎంత తిప్పినా నీటిమట్టం కొత్త స్థాయికి చేరడానికి గంటలు పడుతుంది. కన్నం పెద్దదైతే నిమిషాల్లో చేరుతుంది. అంటే కణం ఎంత తొందరగా మనసు మార్చుకోగలదో తేల్చేది రాసే వేగం కాదు, చించే వేగం. బ్యాక్టీరియా బతుకు నిమిషనిమిషానికీ మారుతుంది, అక్కడ చీటీల ఆయుష్షు కూడా కొద్ది నిమిషాలే. మన కణాల్లో చాలా చీటీలు గంటల కొద్దీ ఉంటాయి. గ్లోబిన్‌ది ఒక రోజు పైనే ఆగుతుంది, దానికి చేయాల్సిన పని ఒక్కటే కాబట్టి. ఫాస్ అనే జన్యువు చీటీ మాత్రం పావుగంటకో అరగంటకో సగం పోతుంది. అది కణాన్ని పెరగమని చెప్పే జన్యువు. అలాంటి ఆజ్ఞ ఎక్కువసేపు గోడకి అంటించి ఉంచకూడదు.

చావు తేదీ చీటీ మీదే రాసి ఉంటుంది. ఇది నేనేదో కవిత్వం చెప్పడం లేదు. 1986లో షా, కామెన్ అనే ఇద్దరు, తొందరగా పోయే ఒక చీటీ చివర్లో ఏ, యూ అక్షరాలు దట్టంగా ఉన్న చిన్న ముక్కను చూశారు. దానికి సరిపడే డీఎన్ఏ ముక్కను గట్టిదైన గ్లోబిన్ జన్యువు చివర తగిలించారు. ప్రోటీన్ రెసిపీలో ఒక్క అక్షరం మారలేదు, అయినా గట్టిగా నిలవాల్సిన గ్లోబిన్ చీటీ తొందరగా పోవడం మొదలుపెట్టింది. తిరగేసి చూసినవాళ్ళూ ఉన్నారు. ఫాస్ జన్యువును గట్టిగా పనిచేయించి, చివర్లో అలాంటి ముక్కను కోసేస్తే, ఎలుక కణాలు కేన్సరు దారి పట్టాయి. ఇందాక గుర్తుపెట్టుకోమన్న తోక పని కూడా ఇదే. ఆ ఏ అక్షరాలు చివర్నించి కొద్దికొద్దిగా అరుగుతూ ఉంటాయి. తోక బాగా పొట్టిదయ్యాక టోపీ తీసేస్తారు, ఆపైన చీటీని నమిలేస్తారు. ఆ ముక్క ఉన్న చీటీల్లో ఈ అరుగుదలే తొందరగా జరుగుతుంది.

ఆర్ఎన్ఏ రసాయనం కూడా దీనికి తగ్గట్టే ఉంది. డీఎన్ఏలో లేని ఒక ఆక్సిజన్ దాని చక్కెరలో అదనంగా ఉంటుంది. అదే పక్కనున్న లింకు మీద దాడి చేసి గొలుసును తెంపుతుంది. దానికి తోడు ఆర్ఎన్ఏని తినే ఎంజైములు మన చర్మం మీద కూడా ఉంటాయి. ల్యాబ్‌లో పనిచేసే మా చుట్టాలమ్మాయి గ్లవ్స్ వేసుకునేది తన చేతుల్ని కాపాడుకోవడానికనుకున్నాను. "నా చేతుల్నించి ఆర్ఎన్ఏని కాపాడటానికి పిన్నీ" అంది.

ఇదంతా విని ఒక మిత్రుడు కొట్టిపారేశాడు. "చీటీ ఎన్నాళ్ళుంటే ఏముంది, అసలు విషయం డీఎన్ఏలో ఉంది కదా. కాగితం గురించి ఇంత రాద్ధాంతమా?" అన్నాడు. ఆయనకు నా జవాబు ఒక పుట్టగొడుగు. డెత్ క్యాప్ అనే విషపు పుట్టగొడుగులో అమానిటిన్ అని ఒకటుంటుంది. అది డీఎన్ఏని ముట్టుకోదు. ఉన్న ప్రోటీన్లను పాడుచేయదు. చీటీలు రాసే పాలిమరేజ్‌ని పట్టుకుని కూర్చుంటుంది, అంతే. తిన్న మనిషికి మొదటి ఆరేడు గంటలూ, ఒక్కోసారి ఇంకా ఎక్కువసేపు, ఏమీ తెలియదు. పాత చీటీలు, పాత ప్రోటీన్లు ఉన్నాయి కాబట్టి బండి నడుస్తుంది. తర్వాత వాంతులు, విరేచనాలు. అవి తగ్గి, గండం గడిచిందనుకునేలోగా కాలేయం కుప్పకూలుతుంది. గ్రంథం చెక్కుచెదరకుండా ఉంది, ఎత్తిరాసేవాడు లేడు. మనం వేసుకునే మందుల్లోనూ ఇదే తర్కం ఉంది. క్షయకి వాడే రిఫాంపిసిన్ బ్యాక్టీరియాలో చీటీ రాసేవాడిని ఆపుతుంది. డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ చదివేవాడిని ఆపుతాయి. బ్యాక్టీరియా డీఎన్ఏని ఇవేవీ తాకవు.

ఆ మిత్రుడిదే ఇంకో అభ్యంతరం మాత్రం నన్ను ఆలోచనలో పడేసింది. అన్ని చీటీలూ తొందరగా చావవు కదా, దాచిపెట్టుకునేవీ ఉంటాయిగా అన్నాడు. ఉంటాయి. అండంలో తల్లి ముందే రాసిపెట్టిన చీటీలు తోక పొట్టిగా, చదవకుండా మడతపెట్టి ఉంటాయి. ఫలదీకరణ తర్వాత మొదటి రెండు మూడు రోజులు, పిండం నాలుగు నుంచి ఎనిమిది కణాలయ్యేదాకా, పని ప్రధానంగా వాటి మీదే నడుస్తుంది. పిండం తన సొంత జన్యువులను దాదాపుగా తెరవనే లేదు. అంటే మనలో ప్రతి ఒక్కరం మొదట అమ్మ చీటీల మీదే బతికాం. మూడో బాణం గురించి నేను మరీ ఊపులో మాట్లాడుతున్నానని అప్పుడు ఒప్పుకున్నాను. కానీ ఆ తర్వాత ఏమవుతుందో చూడండి. సొంత జన్యువులు తెరుచుకునే సమయానికి అమ్మ చీటీలను కణం కట్టలు కట్టలుగా నాశనం చేస్తుంది. అవి పోకపోతే పిండం ముందుకు కదలదు.

ఎంఆర్ఎన్ఏ అన్న మాట ఇంటింటికీ చేరింది కోవిడ్ టీకాలతో. డీఎన్ఏ మారిపోతుందట అని భయపెడుతూ ఫోన్లలో మెసేజీలు తిరిగాయి. ఏమీ కాదు, గంటల్లో కరిగిపోతుంది అని అంతే ధీమాగా జవాబులూ తిరిగాయి. రెండూ నాకు నచ్చలేదు. టీకాలోని చీటీ కేంద్రకంలోకి పోదు, రైబోజోమ్ దగ్గరే చదివించుకుని పోతుంది, ఆ మాట నిజం. కానీ అది మామూలు చీటీ కాదు. బయటి ఆర్ఎన్ఏ వస్తే కణం శత్రువనుకుని గొడవ చేస్తుంది. యూ అనే అక్షరం స్థానంలో కాస్త మార్చిన అక్షరం పెడితే ఆ గొడవ తగ్గుతుందని కారికో, వైస్‌మన్ 2005లో చూపించారు. 2023లో నోబెల్ వచ్చింది అందుకే. టీకా చీటీలు ఎక్కువ ప్రోటీన్ ఇచ్చేలా, కాస్త ఎక్కువ కాలం నిలిచేలా తయారుచేసినవి. లింఫు గ్రంథుల్లో వాటి ఆనవాళ్ళు వారాల తర్వాత కూడా కనిపించాయి. ఇక ఆర్ఎన్ఏ నుంచి డీఎన్ఏకి వెనక్కి రాసే ఎంజైమ్ ప్రకృతిలో లేకపోలేదు. 1970లో టెమిన్, బాల్టిమోర్ వైరసుల్లో దాన్ని పట్టుకున్నారు, హెచ్ఐవీ దాని మీదే బతుకుతుంది. టీకాలో ఆ ఎంజైమ్ లేదు. ఇంత చెబితే జనం అర్థం చేసుకోలేరని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చీటీ అంటే ఏమిటో, దాన్ని చించడం కణానికి నిత్యకృత్యమని బళ్ళోనే చెప్పి ఉంటే, చాలామందికి ఆ మెసేజీ చూడగానే టెన్షన్ వచ్చేది కాదు. మాకు రెండు బాణాలు గీసి చూపించి ఊరుకున్నారు.

నా రెటిక్ కౌంట్ ఆ రోజు 6.2 శాతం వచ్చింది. మామూలుగా రెండు, రెండున్నర లోపు ఉండాల్సింది. పని మొదలైందని డాక్టరుగారు సంతోషించారు. మూడు నెలల తర్వాత హిమోగ్లోబిన్ 12 దాటింది, రెటిక్ కౌంట్ 1.4కి దిగింది. ఆ రోజు కూడా పెద్దాయన్ని అడిగి మైక్రోస్కోప్‌లో చూశాను. అన్ని బిళ్ళల మధ్య ఒకటో రెండో నీలం పోగుల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. మిగతావన్నీ ఖాళీ బిళ్ళలే. కేంద్రకం లేదు, చీటీ లేదు, కొత్తగా ఒక్క ప్రోటీన్ కూడా చేసుకోలేవు. అలాగే 120 రోజులు ఊపిరి మోస్తూ తిరుగుతాయి. "ఈసారి చూడ్డానికేం లేదు కదమ్మా" అన్నాడాయన, స్లైడు తీసి పక్కన పెడుతూ.